జేమ్స్ మాడిసన్: ఒక దేశమా? పదమూడు దేశాలా?

అమెరికా అధ్యక్షుల పేర్లు చెప్పమంటే మన విద్యార్థి మిత్రులు వాషింగ్టన్, లింకన్, కెనెడీ అని గబగబా చెప్పేస్తారు. జేమ్స్ మాడిసన్ పేరు అంత తొందరగా నోటికి రాదు. రాజనీతి శాస్త్రం చదివేవాళ్ళకు పరీక్షలో వచ్చే ఒక చిన్న ప్రశ్నగా తెలుసు. అమెరికా వెళ్ళిన మన పూర్వ విద్యార్థులకు విస్కాన్సిన్ రాష్ట్ర రాజధాని పేరుగానో, న్యూయార్క్‌లో ఒక వీధి పేరుగానో తెలుసు. కాని ఒక దేశంలో రాష్ట్రానికి హక్కు ఎంత, కేంద్రానికి ఎంత, ఇద్దరికీ తగవు వస్తే చివరి మాట ఎవరిది అన్న ప్రశ్న లేచినప్పుడల్లా ఈ మనిషి దగ్గరికి ఒకసారి పోక తప్పదు.

చూడడానికి ఆయన ఏమంత ఆకారం గలవాడు కాదు. ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు సుమారు 45 కిలోలు. అమెరికా అధ్యక్షులందరిలోకీ పొట్టివాడు. గొంతు పీల. సభలో వెనక వరసల వాళ్ళకు ఆయన మాట సరిగా వినిపించేది కాదు. అటువంటి మనిషి ఒక దేశానికి రూపురేఖలు గీసిన వాళ్ళలో మొదటివాడయ్యాడు. అంతేకాదు, జీవితంలో ఒకసారి కేంద్రం పక్షాన, ఒకసారి రాష్ట్రాల పక్షాన, మళ్ళీ కేంద్రం పక్షాన నిలబడి, గోడమీది పిల్లి అన్న నిందా మోశాడు. ఆ నింద న్యాయమేనా అన్నది ఈ వ్యాసం చివరికి మీరే తేల్చుకోవాలి.

బాల్యం, చదువు

కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన తల్లికి 1751 మార్చి 16న వర్జీనియాలోని పోర్ట్ కాన్వేలో మాడిసన్ పుట్టాడు. పన్నెండుమంది సంతానంలో పెద్దవాడు. తండ్రి ఆరెంజ్ కౌంటీలో అందరికన్నా పెద్ద భూస్వామి. మాంట్‌పీలియర్ అనే ఆ ఎస్టేటులో పొగాకు పండేది. పండించేది నల్లజాతి బానిసలు. మాడిసన్ తిన్న తిండీ, చదివిన చదువూ ఆ చెమట నుంచి వచ్చినవే. ఈ మాట ముందే చెప్పుకోవడం మంచిది. ఆయన జీవితం చివరిదాకా ఇది వెంటాడుతుంది.

1769లో న్యూజెర్సీ కళాశాలలో చేరాడు. ఇప్పుడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం అంటున్నది అదే. నాలుగేళ్ళ చదువు రెండేళ్ళలో ముగించాడు. నిద్ర మానుకుని చదివి ఒళ్ళు పాడుచేసుకున్నాడు. ఆ తరువాత ఇంకొన్ని నెలలు అక్కడే ఉండి అధ్యక్షుడు జాన్ విదర్‌స్పూన్ దగ్గర హీబ్రూ, నీతిశాస్త్రం చదివాడు. 1772లో ఇంటికి తిరిగి వచ్చేసరికి, తాను ఎక్కువ కాలం బతకనని నమ్మి దిగులుపడ్డాడు. అలా దిగులుపడ్డవాడు 85 ఏళ్ళు బతికాడు. ఆరోగ్యం బాగాలేదని తరగతులు ఎగవేసే మిత్రులు ఇది గమనించాలి.

1776లో వర్జీనియా రాష్ట్ర సమావేశానికి ప్రతినిధిగా వెళ్ళాడు. అప్పటికి వయసు 25. హక్కుల ప్రకటన ముసాయిదాలో ఇతర మతాలను సహించాలని ఉంది. సహించడమంటే దయతలచి వదిలెయ్యడం. దయ ఇచ్చినవాడు రేపు తీసుకోనూగలడు. అందుచేత మతవిశ్వాసం ప్రతి మనిషికీ సమానమైన హక్కు అనేట్టుగా ఆ వాక్యాన్ని మార్పించాడు. ప్రజాజీవితంలో ఆయన చేసిన మొదటి పెద్ద పని ఇదే.

మరుసటి ఏడు ఎన్నికల్లో ఓడిపోయాడు. ఓటర్లకు పీపాలకొద్దీ సారా పోయించడం ఆనాటి ఆనవాయితీ. మాడిసన్ అది సిద్ధాంతవిరుద్ధమని మానేశాడు. ప్రత్యర్థి మానలేదు. విద్యార్థి సంఘం ఎన్నికలు చూసిన మనకు ఆ ఫలితం ఆశ్చర్యం కలిగించదు గదా!

పదమూడు ప్రభువులు

ఇక్కడ కొంచెం ఆగి ఆనాటి పరిస్థితి చూడాలి. 1776లో పదమూడు వలసరాజ్యాలు బ్రిటిషు రాజు అధికారాన్ని తోసిపుచ్చాయి. రాజు పోయాడు సరే, ఆయన చేతిలోని సార్వభౌమాధికారం ఎవరికి పోయింది? అమెరికా అనే ఒక్క జనానికా, పదమూడు రాష్ట్రాలకు విడివిడిగానా? యుద్ధం నడుస్తుండగా ఎవరూ ఇది తేల్చలేదు. 1781 మార్చి 1న అమలులోకి వచ్చిన సమాఖ్య ఒడంబడిక మాత్రం, ప్రతి రాష్ట్రమూ తన సార్వభౌమత్వాన్ని తనదగ్గరే ఉంచుకుంటుందని రాసిపెట్టింది. ఆ రోజుల్లో ఒక వర్జీనియా పెద్దమనిషి నా దేశం అంటే, చాలాసార్లు ఆ మాటకు అర్థం వర్జీనియాయే.

మాడిసన్ 1780లో ఫిలడెల్ఫియాలోని కాంగ్రెసుకు వెళ్ళాడు. అక్కడ చూసింది ఒక ప్రభుత్వం కాదు, పదమూడు రాయబారుల కూటమి. కాంగ్రెసుకు పన్ను వేసే అధికారం లేదు. రాష్ట్రాలను అడగాలి, ఇస్తే తీసుకోవాలి, ఇవ్వకపోతే ఊరుకోవాలి. ఒడంబడికలో అక్షరం మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. యుద్ధపు అప్పులు తీర్చడానికి దిగుమతుల మీద నూటికి ఐదు చొప్పున సుంకం వేద్దామని 1781లో కాంగ్రెసు అడిగింది. అన్నిటికన్నా చిన్నదైన రోడ్ ఐలండ్ ఒప్పుకోలేదు. అంతే, ప్రతిపాదన చచ్చిపోయింది. 1783లో మళ్ళీ అడిగితే ఈసారి న్యూయార్క్ అడ్డుపడింది. ఆ ఏడే జూన్‌లో జీతాలందని సైనికులు కాంగ్రెసు భవనాన్ని చుట్టుముట్టారు. పెన్సిల్వేనియా రాష్ట్రం తన సైన్యాన్ని రక్షణకు పంపలేదు. దేశపు కాంగ్రెసు మూటాముల్లే సర్దుకుని ప్రిన్స్‌టన్‌కు వెళ్ళిపోవాల్సి వచ్చింది.

మాడిసన్‌ను ఇంకొకటి కూడా కలవరపెట్టింది. 1784 నుంచి వర్జీనియా శాసనసభలో కూర్చుని, రాష్ట్రాల లోపల ఏం జరుగుతున్నదో దగ్గర నుంచి చూశాడు. రాష్ట్రాలు విలువలేని కాగితపు డబ్బు అచ్చు వేస్తున్నాయి, ఒకరి సరుకు మీద ఒకరు సుంకాలు వేసుకుంటున్నాయి, ఇంగ్లండుతో చేసుకున్న సంధిని లెక్కచెయ్యడం లేదు. అధికసంఖ్యాకులు శాసనసభను చేతిలో పెట్టుకుని తక్కువమందిని అణిచితే అడిగేవాడెవడు? స్వేచ్ఛకు ప్రమాదం దూరాన ఉన్న రాజు నుంచే కాదు, దగ్గరున్న శాసనసభ నుంచి కూడా రావచ్చు. ఈ ఎరుక ఆయన ఆలోచనకు మలుపు.

ఫిలడెల్ఫియా వేసవి

1786 సెప్టెంబరులో అనాపొలిస్‌లో వాణిజ్యం గురించి సమావేశం పెడితే ఐదు రాష్ట్రాలే వచ్చాయి. ఆ చలికాలంలో మసాచుసెట్స్‌లో అప్పులపాలైన రైతులు డేనియల్ షేస్ నాయకత్వాన తిరగబడ్డారు. పెద్దలకు భయం పట్టుకుంది. 1787 మేలో ఫిలడెల్ఫియాలో అందరూ కలవాలన్న నిర్ణయానికి బలం వచ్చింది.

మాడిసన్ దీనికి తయారైన తీరు విద్యార్థులు తెలుసుకోదగింది. పారిస్‌లో రాయబారిగా ఉన్న మిత్రుడు జెఫర్సన్ పెట్టెలకొద్దీ పుస్తకాలు పంపాడు. వాటిని ముందేసుకుని ప్రాచీన గ్రీకు కూటములు, స్విట్జర్లండ్, హాలండ్, జర్మనీ సమాఖ్యలు ఒక్కొక్కటే చదివి, ప్రతిదీ ఎక్కడ చెడిందో నోట్సు రాసుకున్నాడు. అన్నింటా ఒకటే జబ్బు కనిపించింది. కేంద్రం రాష్ట్రాలకు ఆజ్ఞలిస్తుంది, రాష్ట్రం వినకపోతే యుద్ధం చెయ్యడం తప్ప గతి లేదు. అందుకు ఆయన కనిపెట్టిన మందు, కేంద్ర చట్టం రాష్ట్రం మీద కాకుండా నేరుగా పౌరుడి మీద పనిచెయ్యాలి అన్నది. అలాగైతే ఆ కేంద్రాన్ని ఎన్నుకునేవాడు కూడా ఆ పౌరుడే కావాలి.

ఇతర రాష్ట్రాల ప్రతినిధులందరికన్నా ముందుగా మే 3నే ఊరు చేరాడు. మే 25న సభ మొదలైంది. పన్నెండు రాష్ట్రాల నుంచి మొత్తం 55 మంది వచ్చారు. రోడ్ ఐలండ్ రానేలేదు. తలుపులు, కిటికీలు మూసుకుని రహస్యంగా నడిచిన ఆ సభలో మాడిసన్ ముందు వరసలో కూర్చుని, రోజూ ఎవరేమన్నదీ రాసుకున్నాడు. మధ్యలో తానూ నూట యాభైసార్లకు పైగా మాట్లాడాడు. ఆ సభలో ఏం జరిగిందో ఇవాళ మనకు తెలిసిందంటే చాలావరకు ఆ నోట్సు పుణ్యమే.

మే 29న ఎడ్మండ్ రాండల్ఫ్ ప్రవేశపెట్టిన వర్జీనియా ప్రణాళిక వెనుక మాడిసన్ ఆలోచన ఉంది. పాత ఒడంబడికకు అతుకులు వెయ్యడం కాదు, కొత్త ప్రభుత్వమే కట్టాలి. రెండు సభల్లోనూ జనాభాను బట్టి స్థానాలు ఉండాలి. ఇంకో మెట్టు ఎక్కి, రాష్ట్రాల చట్టాలను రద్దుచేసే అధికారం కూడా కేంద్ర శాసనసభకు ఉండాలన్నాడు. చిన్న రాష్ట్రాలు ఉలిక్కిపడ్డాయి. 1790 జనాభా లెక్కల ప్రకారం వర్జీనియాలో సుమారు 7 లక్షల 47 వేలమంది ఉంటే డెలావేర్‌లో 59 వేలే. ఈ లెక్కన డెలావేర్ గతేమిటి? న్యూజెర్సీ ప్రతినిధి విలియం పాటర్సన్ జూన్ 15న ఎదురు ప్రణాళిక పెట్టాడు. రాష్ట్రాలన్నీ సమానమైన ప్రభువులు, సమానంగానే ఓటు ఉండాలి అన్నది అతని వాదం.

జూలై 16న రాజీ కుదిరింది. ప్రతినిధుల సభలో జనాభాను బట్టి, సెనేటులో ప్రతి రాష్ట్రానికీ సమానంగా స్థానాలు. అనుకూలం ఐదు రాష్ట్రాలు, వ్యతిరేకం నాలుగు, ఒకటి రెండుగా చీలింది. మాడిసన్ ఓడిపోయాడు. మర్నాడు, రాష్ట్ర చట్టాల మీద కేంద్రానికి రద్దు అధికారం అన్న ఆయన ముద్దుబిడ్డ లాంటి ప్రతిపాదన కూడా ఓడిపోయింది. అలిగి ఇంటికి పోలేదు. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేస్తే అందులో ఆయనది ఒకటి.

ఆ రాజ్యాంగంలో ఇంకొక రాజీ కూడా ఉంది. ప్రతినిధుల స్థానాలు లెక్కకట్టేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురు మనుషుల కింద లెక్కవేశారు. ఓటు ఆ బానిసలది కాదు, బలం వాళ్ళ యజమానులది. సభలో అసలు చీలిక చిన్న రాష్ట్రాలకూ పెద్ద రాష్ట్రాలకూ మధ్య కాదనీ, బానిసత్వం ఉన్న దక్షిణానికీ లేని ఉత్తరానికీ మధ్యననీ గుర్తించి చెప్పినవాడు మాడిసనే. గుర్తించాడు గాని, ఆ గాయానికి మందు వెయ్యలేదు.

హామిల్టన్‌తో కలం, హెన్రీతో వాదం

రాజ్యాంగం రాయడం ఒక ఎత్తు, రాష్ట్రాల చేత ఒప్పించడం మరో ఎత్తు. న్యూయార్క్ పత్రికల్లో పబ్లియస్ అనే మారుపేరుతో అలెగ్జాండర్ హామిల్టన్, మాడిసన్, జాన్ జే 85 వ్యాసాలు రాశారు. అవే ఫెడరలిస్టు వ్యాసాలు. మాడిసన్ వాటా 29. పదో వ్యాసంలో ఒక పాత నమ్మకాన్ని తలకిందులు చేశాడు. ప్రజారాజ్యం చిన్న దేశంలోనే బతుకుతుందని పండితులు అనేవారు. కాదు, పెద్ద దేశంలో ముఠాలు, ప్రయోజనాలు, మతశాఖలు లెక్కలేనన్ని ఉంటాయి కాబట్టి ఏ ఒక్కటీ మిగతావాటిని మింగలేదు, పెద్దదే క్షేమం అన్నాడు. ముప్ఫై తొమ్మిదో వ్యాసంలో అసలు ప్రశ్న ఎత్తుకున్నాడు. ఇది ఒకే దేశపు రాజ్యాంగమా, రాష్ట్రాల సమాఖ్యా? ఆమోదించేది రాష్ట్రాలవారీగా ప్రజలు, కాబట్టి పునాది సమాఖ్యది. ప్రతినిధుల సభ జాతీయం, సెనేటు సమాఖ్య పద్ధతి, అధ్యక్షుడి ఎన్నిక రెండూ కలిసినది. చట్టం పౌరుడి మీద నేరుగా పనిచేస్తుంది కనుక అక్కడ జాతీయం, అధికారాల పరిధి పరిమితం కనుక అక్కడ సమాఖ్య. ఇలా తక్కెడలో తూచినట్టు తూచి, ఇది అదీ కాదు ఇదీ కాదు, రెండూ కలిసినదని తేల్చాడు.

సార్వభౌమాధికారం ముక్కలు కాదని అప్పటిదాకా శాస్త్రం చెప్పేది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా. మాడిసన్ జవాబు, అసలు సార్వభౌములు ప్రజలు. కత్తులు రెండూ వాళ్ళవే. కొంత అధికారం ఒక చేతికి, కొంత ఇంకో చేతికి ఇచ్చేది వాళ్ళే అని.

1788 జూన్‌లో రిచ్‌మండ్‌లో వర్జీనియా సమావేశం. ఎదురుగా పాట్రిక్ హెన్రీ. ఉరుము లాంటి గొంతు, జనాన్ని ఊపేసే వక్త. రాజ్యాంగం ప్రజల పేరున ఎందుకు మొదలవుతుంది, రాష్ట్రాల పేరున ఎందుకు కాదని నిలదీశాడు. ఇది రాష్ట్రాలను మింగే ఏకరాజ్యమని హెచ్చరించాడు. మాడిసన్ చేతిలో టోపీ, టోపీలో నోట్సు పెట్టుకుని, పీల గొంతుతో, క్లాజు తరువాత క్లాజు విడమరిచి జవాబిచ్చాడు. మధ్యలో జబ్బుపడి మూడు రోజులు మంచం కూడా ఎక్కాడు. జూన్ 25న ఓట్లు లెక్కిస్తే 89, 79. పదిమంది తేడాతో పీల గొంతు గెలిచింది.

హెన్రీ పగ తీర్చుకున్నాడు. మాడిసన్‌ను సెనేటుకు పోనివ్వలేదు. చివరికి ప్రతినిధుల సభకు మిత్రుడు జేమ్స్ మన్రోతోనే పోటీపడి, 1789లో గెలిచాడు. హక్కుల పట్టిక చేరుస్తానని ఆ ఎన్నికల్లో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. 1789 జూన్ 8న సవరణలు ప్రవేశపెట్టాడు. పది సవరణలు 1791 డిసెంబరు 15న అమలులోకి వచ్చాయి. అందరికన్నా విలువైనదని ఆయన భావించిన ఒక సవరణ మాత్రం సెనేటులో పోయింది. మనస్సాక్షిని, పత్రికలను, జ్యూరీ విచారణను రాష్ట్రాలు కూడా అణచరాదు అన్నదే ఆ సవరణ. ఆ పనికి దారి దొరికింది అంతర్యుద్ధం తరువాత, 1868 నాటి పద్నాలుగో సవరణతోనే.

1798: పక్షం మారిందా?

ఆ తరువాత కథ అడ్డం తిరిగింది. ఆర్థిక మంత్రి హామిల్టన్ జాతీయ బ్యాంకు పెడతానంటే, అలాంటి అధికారం రాజ్యాంగం కేంద్రానికి ఇవ్వలేదని 1791లో మాడిసన్ ఎదురు నిలిచాడు. నిన్నటి సహరచయిత నేటి ప్రత్యర్థి. జెఫర్సన్, మాడిసన్ కలిసి వేరే పక్షం కట్టారు. ఈ మధ్యలోనే, 1794లో, 43 ఏళ్ళ మాడిసన్ డాలీ అనే 26 ఏళ్ళ వితంతువును పెళ్ళాడాడు. మనిషి ముభావి, ఆమె కలుపుగోలు. ఆ జంట రాజకీయాల్లో ఒకరికొకరు చాలినవాళ్ళు.

1798లో ఫ్రాన్సుతో యుద్ధభయం పేరు చెప్పి, అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కాలంలో కాంగ్రెసు విదేశీయుల చట్టం, రాజద్రోహ చట్టం చేసింది. ప్రభుత్వాన్ని పత్రికలో దుమ్మెత్తిపోస్తే జైలు. వెర్మాంట్ నుంచి వచ్చిన కాంగ్రెసు సభ్యుడు మాథ్యూ లయన్‌నే నాలుగు నెలలు జైల్లో పెట్టారు. ఆయన జైల్లో ఉండగానే మళ్ళీ ఎన్నికయ్యాడు. అప్పుడు జెఫర్సన్ కెంటకీ కోసం, మాడిసన్ వర్జీనియా కోసం పేర్లు దాచుకుని తీర్మానాలు రాశారు. రాజ్యాంగం రాష్ట్రాల మధ్య ఒప్పందం. కేంద్రం ఘోరంగా హద్దు మీరితే రాష్ట్రాలు అడ్డు నిలవాలి అన్నది మాడిసన్ తీర్మానం. ఏ ఒక్క ఇతర రాష్ట్రమూ మద్దతుకు రాలేదు. 1800లో జెఫర్సన్ గెలిచాడు, రాజద్రోహ చట్టం గడువు తీరి పోయింది. కాని కాగితం మీద పడ్డ మాట పోలేదు. ముప్ఫై ఏళ్ళు నిద్రపోయి మళ్ళీ లేచింది.

అధ్యక్షుడు

1801 నుంచి ఎనిమిదేళ్ళు విదేశాంగ మంత్రి, 1809 నుంచి ఎనిమిదేళ్ళు అధ్యక్షుడు. 1812 జూన్ 18న బ్రిటన్‌తో యుద్ధం ప్రకటించారు. అధ్యక్షుడిగా ఆయనకు ఎదురైన చిక్కు కూడా రాష్ట్రాలదే. యుద్ధం ఇష్టంలేని మసాచుసెట్స్, కనెక్టికట్, రోడ్ ఐలండ్ గవర్నర్లు తమ సైన్యాన్ని ఇవ్వమన్నారు. 1814 ఆగస్టు 24న బ్రిటిషు సేన రాజధానిలో దిగి అధ్యక్ష భవనాన్ని తగలబెట్టింది. వాషింగ్టన్ చిత్రపటాన్ని డాలీ తానే మోసుకుపోయిందని కథ చెబుతారు. పటాన్ని కాపాడమని చెప్పింది ఆమె. కిందికి దించి పంపించింది పనివాళ్ళు. ఈ సంగతి ఆ ఇంట్లో బానిసగా ఉన్న పాల్ జెన్నింగ్స్ తరువాత రాసిన పుస్తకం వల్ల తెలిసింది.

ఆ డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ ప్రతినిధులు హార్ట్‌ఫర్డ్‌లో రహస్యంగా సమావేశమయ్యారు. దేశం విడిచిపోతారేమోనని పుకార్లు. 1798లో మాడిసన్ చెప్పిన మాటల్లాంటివే ఇప్పుడు వాళ్ళు ఆయన మీద ప్రయోగించారు. చివరికి రాజ్యాంగ సవరణలు కోరి సరిపెట్టుకున్నారు. ఈలోగా సంధి కుదిరింది, న్యూ ఆర్లియన్స్‌లో గెలిచిన వార్త వచ్చింది, వాళ్ళ మాట నవ్వులపాలైంది. ఒక్కటి మాత్రం మాడిసన్ ఖాతాలో వెయ్యాలి. శత్రువు రాజధాని తగలబెట్టినా, పత్రికలు తిట్టిపోసినా, ఆయన రాజద్రోహ చట్టం వంటిది మళ్ళీ తేలేదు. తాను వద్దన్న ఆయుధం తన చేతికి అందినా పట్టలేదు.

ముసలితనంలో యుద్ధం

1817లో మాంట్‌పీలియర్ చేరాడు. జెఫర్సన్ పోయాక వర్జీనియా విశ్వవిద్యాలయానికి 1834 దాకా రెక్టారుగా ఉన్నాడు. ప్రశాంతంగా పోవలసిన రోజులు. కాని 1828లో దిగుమతి సుంకాలు పెరిగేసరికి దక్షిణ కరొలైనా మండిపడింది. ఉపాధ్యక్షుడు జాన్ కాల్హూన్ పేరు దాచుకుని ఒక సిద్ధాంతం రాసిచ్చాడు. రాష్ట్రమే సార్వభౌమి, తనకు రాజ్యాంగవిరుద్ధమని తోచిన కేంద్ర చట్టాన్ని ఒంటరిగానే చెల్లదనవచ్చు అని. సాక్ష్యం ఏమిటి? 1798 తీర్మానాలు. అంటే మాడిసన్ రాసినవే. ఆయన బతికుండగానే ఆయన మాటను ఆయన కట్టిన ఇంటిమీదికి గునపంగా ఎత్తారు.

ఎనభై ఏళ్ళ వయసులో, కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర్లుపోయినా, కలం పట్టాడు. 1830లో ఎడ్వర్డ్ ఎవరెట్‌కు రాసిన లేఖ అక్టోబరులో నార్త్ అమెరికన్ రివ్యూలో అచ్చయింది. ఆయన వాదం ఇది. రాజ్యాంగం ఒప్పందమే, కాని చేసుకున్నది ప్రభుత్వాలు కాదు, ఆయా రాష్ట్రాల ప్రజలు. పదిమంది కలిసి చేసుకున్న ఒప్పందాన్ని ఒక్కడు తనిష్టం వచ్చినట్టు విప్పలేడు. ఒక్కో రాష్ట్రం ఒక్కో చట్టం చెల్లదంటే, దేశంలో ఇరవైనాలుగు రకాల చట్టాలు ఉంటాయి. 1798లో తాను అడిగింది రాష్ట్రాలన్నీ కలిసి ప్రజాభిప్రాయం కూడగట్టి, ఎన్నికల ద్వారా, సవరణ ద్వారా మార్చుకోమని. ఒంటరిగా తెంచుకోమని కాదు. ఇక భరించలేని అణచివేత ఉంటే తిరుగుబాటు హక్కు మనిషికి ఎప్పుడూ ఉంటుంది, కాని అది తిరుగుబాటే, రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు.

ఇందులో ఒక ముల్లు ఉంది. చట్టాన్ని రద్దుచేసే హక్కు అన్న మాట జెఫర్సన్ వాడలేదని మాడిసన్ మొదట గట్టిగా చెప్పాడు. తీరా జెఫర్సన్ చేతిరాత ముసాయిదా బయటపడితే అందులో ఆ మాట ఉంది. పోయిన మిత్రుణ్ణి వదులుకోలేక, ఆ మాటకు వేరే అర్థం చెప్పడానికి ముసలాయన నానా తంటాలు పడ్డాడు. చదివితే జాలి వేస్తుంది.

1832 నవంబరు 24న దక్షిణ కరొలైనా ఆ సుంకాలు తమ గడ్డమీద చెల్లవని ప్రకటించింది. అధ్యక్షుడు జాక్సన్ అది దేశద్రోహమన్నాడు. 1833లో సుంకాలు తగ్గించి రాజీ చేశారు. గండం గడిచింది, జబ్బు తగ్గలేదు.

తీరని బాకీ

సుంకాల వెనుక ఉన్నది బానిసత్వమని మాడిసన్‌కు తెలుసు. అది తప్పని యౌవనం నుంచీ అనేవాడు. 1783లో తన సేవకుడు బిల్లీని ఫిలడెల్ఫియాలోనే వదిలి వచ్చాడు. స్వేచ్ఛ రుచి చూసినవాణ్ణి తిరిగి తెస్తే మిగతావాళ్ళకూ అది అంటుకుంటుందని ఒక కారణం. తాము యుద్ధం చేసి కోరుకున్న స్వేచ్ఛనే వాడూ కోరుకున్నందుకు శిక్షించలేనన్నది మరో కారణం. ఆ ఒక్క ఉదంతంలో మొత్తం మనిషి కనిపిస్తాడు. విముక్తులైన నల్లవాళ్ళను ఆఫ్రికాకు పంపాలనే సంఘానికి చివరి రోజుల్లో అధ్యక్షుడుగా ఉన్నాడు. కాని తన ఎస్టేటులోని బానిసల్లో ఒక్కరికీ వీలునామాలో స్వేచ్ఛ రాయలేదు. జెన్నింగ్స్ ఆయన ఆఖరి ఊపిరి దాకా పక్కనే ఉన్నాడు. అతనికి విడుదల 1847లో, డేనియల్ వెబ్‌స్టర్ సాయంతో దొరికింది. 1830లో సెనేటులో దేశ ఐక్యత కోసం వాదించిన వెబ్‌స్టర్ ఆయనే.

1836 జూన్ చివర మాడిసన్ మంచాన పడ్డాడు. జూలై 4, స్వాతంత్ర్య దినం దాకా మందులతో బతికిస్తామని వైద్యులన్నారు. ఆడమ్స్, జెఫర్సన్, మన్రో ముగ్గురూ ఆ తేదీనే పోయారు మరి. ఆయన వద్దన్నాడు. జూన్ 28న కన్నుమూశాడు. రాజ్యాంగం మీద సంతకం చేసినవాళ్ళలో చివరివాడు. పోయాక అచ్చువెయ్యమని రాసిపెట్టిన చిన్న కాగితంలో, రాష్ట్రాల ఐక్యతను కాపాడుకోమని దేశాన్ని కోరాడు. పాతికేళ్ళు తిరక్కుండానే దక్షిణ రాష్ట్రాలు విడిపోయాయి. 1861 నుంచి 1865 దాకా లక్షలమంది చచ్చాక గాని ఆ ప్రశ్న తేలలేదు. రాష్ట్రం తనంత తాను విడిపోలేదని 1869లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మన రాజ్యాంగ నిర్మాతలకు ఈ కథ తెలుసు. 1948 నవంబరు 4న ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ డాక్టర్ అంబేద్కర్, మన సమాఖ్య రాష్ట్రాలు చేసుకున్న ఒప్పందం వల్ల పుట్టింది కాదనీ, అందుచేత విడిపోయే హక్కు ఏ రాష్ట్రానికీ లేదనీ, అమెరికా అంతర్యుద్ధం చేసి తేల్చుకున్నదాన్ని మనం మొదటే తేల్చుకుంటున్నామనీ వివరించాడు. అమెరికాలో ఒక రాష్ట్రం హద్దులు దాని శాసనసభ ఒప్పుకోకుండా మార్చలేరు. మన మూడో అధికరణం ప్రకారం పార్లమెంటు మార్చగలదు. శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014లో తెలంగాణ ఏర్పడినప్పుడు ఈ తేడా మన కళ్ళముందే పనిచేసింది. రెండు పద్ధతుల్లో ఏది మేలో తరగతిలో వాదించుకోదగిన విషయం.

ఇక మొదట అడిగిన ప్రశ్న. ఆయన గోడమీది పిల్లియా? నాకు తోచింది చెబుతాను. 1787లో రాష్ట్రాల శాసనసభల అధికారం మితిమీరిందని చూశాడు, 1798లో కేంద్రం మితిమీరిందని చూశాడు, 1830లో మళ్ళీ ఒక రాష్ట్రం మితిమీరిందని చూశాడు. పడవ ఎటు ఒరిగితే దానికి ఎదురువైపు పోయి కూర్చున్నాడు. ఇది పక్షం మారడం కాదు. అయితే తొందరలో రాసిన మాటకు ముప్ఫై ఏళ్ళ తరువాత లెక్క చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ పడవ అడుగున గొలుసులతో ఉన్న మనుషుల బరువు మాత్రం ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు. ఆయన తూకం నేర్చుకుందాం, ఆయన వదిలేసిన లెక్కను మాత్రం మనం వదలకుండా ఉందాం.